కాన్వాసు వేసి కుట్టిన బనీను

పట్టీలు విప్పగానే చదునైన ఛాతీ కనబడుతుందనుకున్నాడు కోటు మాస్టరు. ఆపరేషనైన మర్నాడు నర్సమ్మ ఆయన్ని గదిలో అద్దం ముందు నిలబెట్టి, ఒంటికి తొడిగిన బిగుతు బనీను జిప్పు కిందికి లాగింది. ఆయన చూశాడు. అద్దంలో ఉన్నది తనేనా, వెనకాల ఇంకెవరైనా నిలబడ్డారా అన్నట్టు తల తిప్పి, మళ్ళీ చూశాడు.

ఛాతీ ముందుకన్నా పెద్దదైంది. మెడ కింది నుంచి బొడ్డు పైదాకా వంకాయ రంగు. రెండు చంకల కింద నుంచి సన్నటి గొట్టాలు బయటికొచ్చి, వాటి చివర వేలాడే చిన్న డబ్బాల్లో ఎర్రటి నీరు చేరుతోంది. చనుమొనల చుట్టూ ఉండే నల్లటి వలయాల కింది అంచున, వంపు తిరిగిన కుట్లు.

“తీసేశామన్నారు కదమ్మా?”

“తీసేశారు.”

“మరి ఇవేంటి?”

“వాపు.”

“ఇదంతా వాపా! లోపలికి తీసుకెళ్ళినప్పుడు కూడా ఇంత లేదు!”

“వాపు దిగితేగా తీసింది కనబడేది. మూడు నెలలు పట్టొచ్చు, ఆరు నెలలు పట్టొచ్చు. డాక్టరమ్మ అంతా చెప్పారు కదా, మీరు వినలేదా?”

విన్నాడు. కానీ ఆయన చెవిలో నిలబడిన మాట ‘చదును’ ఒక్కటే. మిగతావన్నీ ఆ మాట వెనక నిలబడి వరసలోనే ఉండిపోయాయి.

ఇందులో ఆయన తప్పు సగమే. ఈ ఆపరేషనుకి ‘పొద్దున్న రండి, సాయంత్రం వెళ్ళిపోండి’ అంటూ నవ్వుతున్న మగవాళ్ళ బొమ్మలు బస్టాండు గోడల మీద వేసేవాళ్ళు, ఆ సాయంత్రం తర్వాత వచ్చే నెలల్ని ఆ గోడ మీద ఎక్కడా వేయరు. వేస్తే ఎవరొస్తారు?

ఆయన మగవాళ్ళ బట్టలు కుట్టే దర్జీ. బస్టాండు వెనక వీధిలో, చెప్పుల కొట్టుకీ కళ్ళజోళ్ళ కొట్టుకీ మధ్య, సొరంగంలా లోపలికి సాగిపోయే కొట్టు. ముందు కటింగ్ బల్ల, వెనక రెండు మిషన్లు, చివర కర్టెను వేలాడే ట్రయల్ రూమ్. ఎండలు మండిపోతున్నా, కరెంటు పోయి ఫ్యాను నిలిచిపోయినా, ఒంటిమీద కోటు మాత్రం దిగదు. పేరు అలా వచ్చిపడింది. వ్యాపారం తెలిసిన మనిషి, తన పనితనం తన ఒంటిమీదే చూపిస్తున్నాడు అనుకునేవాళ్ళు జనం. ఆయనా అనుకోనిచ్చాడు.

కోటు కింద చొక్కా, చొక్కా కింద బనీను. బనీను కింద ఇంకొకటి ఉండేది. దాని సంగతి కట్టుకున్న భార్యకి కూడా తెలియదు.

మీసాలు ఇంకా రాని వయసులో చాలామంది మగపిల్లలకి ఛాతీలో చిన్న గడ్డలా వచ్చి, ఏడాదికో రెండేళ్ళకో దానంతటదే కరిగిపోతుంది. పెరిగే ఒంట్లో హార్మోన్లు సర్దుకునేటప్పుడు జరిగే మామూలు సంగతి. కొందరికి కరగదు, గట్టిపడి ఉండిపోతుంది. ఈ రెండు ముక్కలు ఆయనకి ఎవరూ చెప్పలేదు. సైన్సు పంతులు ఆ పాఠం వచ్చిన రోజు గొంతు సవరించుకుని, “ఇది ఇంటిదగ్గర చదువుకోండి” అని పేజీ తిప్పేశాడు. ఇంటిదగ్గరేమో, అలాంటివి బళ్ళో చెబుతారులే అనుకున్నారు.

ఆటల పీరియడులో రెండు జట్లు గుర్తుపట్టడానికి ఒక జట్టుని చొక్కాలు విప్పమనేవారు. విప్పిన రోజున వెనక నుంచి ఎవడో, “ఒరేయ్, మన జట్టులోకి పాప వచ్చిందిరోయ్” అన్నాడు. ఆటల మాస్టారు కూడా నవ్వాడు. పిల్లల నవ్వు మర్చిపోవచ్చునేమో గానీ, పెద్దాయన నవ్వు లోపల దిగబడిపోయింది. ఆ తర్వాత ఆ పీరియడు వచ్చినప్పుడల్లా కడుపునొప్పి వచ్చేది.

“తిండి తగ్గించు, పొద్దున్నే లేచి పరిగెత్తు” అన్నాడు తండ్రి. పరిగెత్తాడు. పొట్ట పోయింది, బుగ్గలు పోయాయి. అవి మాత్రం కదల్లేదు. అది కొవ్వు కాదు, గ్రంథి. ఎంత పరిగెత్తినా గ్రంథి కరగదు. చుట్టూ ఉన్నదంతా తగ్గేసరికి అవి ఇంకాస్త ఎత్తుగా కనబడటం మొదలెట్టాయి, ఆ పరుగు వల్ల ఒరిగింది అంతే.

చదువు ఆపేసి కుట్టుపనిలో ఎందుకు చేరావంటే, చేతిపనంటే ఇష్టం అని చెప్పేవాడు. నిజానికి ఒకసారి ముసలి దర్జీ ఒకాయన కుట్టిన చొక్కా తొడుక్కుని అద్దంలో చూసుకుంటే ఛాతీ మాయమైంది. ముదురు రంగు మీద నిలువు చారలు, రెండు జేబులు, జేబుల లోపల బిరుసుగా నిలబడే బక్రం గుడ్డ. అంతే ఆ మాయ. అది తన చేతికి రావాలనుకున్నాడు, వచ్చింది.

తర్వాత ఇంకో సంగతి తెలిసివచ్చింది. కొలతలకి టేపు చుట్టగానే భుజాలు ముందుకి వంచేసే మగవాళ్ళు కొట్టుకి వస్తూనే ఉండేవాళ్ళు. ఒక బ్యాంకు గుమాస్తా, ఒక లారీ డ్రైవరు, పెళ్ళి కుదిరిన ఒక కుర్రాడు, ఆఖరికి ఈల మెళ్ళో వేసుకుని తిరిగే ఆటల టీచరు ఒకాయన. “మాస్టారూ, కాస్త లూజుగా ఉంచండి.” “పల్చటి గుడ్డ వద్దులెండి మాస్టారూ.” “రెండు జేబులు పెట్టండి, పెన్నులూ అవీ ఉంటాయి కదా.” ఆయన ఎందుకని అడగడు. వాళ్ళు చెప్పరు. టేపు తీసేదాకా ఇద్దరూ గోడకేసి చూస్తారు.

ఒకే వీధిలో ఇంతమంది మగవాళ్ళు ఒకే సంగతిని ఒకరికొకరు తెలియకుండా దాచుకు తిరుగుతున్నారంటే, లోపం వాళ్ళ ఒళ్ళల్లో ఉందా, చూసి నవ్వే కళ్ళల్లో ఉందా? ఆడవాళ్ళ ఒంటిమీద వీధి వీధికీ హక్కున్నట్టు వాగే నోళ్ళే, మగవాడి ఒంట్లో ఆడతనం వెతికి వెక్కిరిస్తాయి. ‘ఆడదానిలా’ అన్నది తిట్టుగా చెల్లినంత కాలం ఆ వెక్కిరింపు ఇద్దరికీ తగులుతూనే ఉంటుంది. ఒకరికి ఎదురుగా, ఒకరికి చాటుగా.

ఆపరేషనుకి ముందు, ఎండాకాలంలో ఒకరోజు కటింగ్ బల్ల దగ్గర కోటు మాస్టరు కుప్పకూలిపోయాడు. చేతిలో కత్తెర అలాగే ఉంది. వెనక ముక్కాలిపీట మీద కూర్చుని కాజాలు తీస్తున్న ముసలాయన సూదీ దారం వదిలేసి లేచి వచ్చాడు. ఆ వీధికంతా ఆయన కాజాల బాబాయి. జనం ముందు యజమానిని “మాస్టారూ” అంటాడు, జనం లేకపోతే “అబ్బాయ్” అంటాడు, నోరు మాత్రం ఎప్పుడూ ఊరుకోదు. చెప్పుల కొట్టువాణ్ణి బస్టాండుకి పరిగెత్తించాడు, మాస్టరు భార్యని పిలవమని. ఆమె సిటీ బస్సు కండక్టరు. అప్పుడే బస్సు దిగినట్టుంది, టిక్కెట్ల మిషను భుజాన వేలాడుతుండగానే పరుగున వచ్చింది.

వచ్చేసరికి బాబాయి కోటు విప్పాడు, చొక్కా గుండీలు తీశాడు, బనీను పైకెత్తాడు. ఎత్తి అలాగే ఆగిపోయాడు.

బనీను కింద గోనెలా బిరుసైన కాన్వాసు గుడ్డ, చంకల నుంచి పక్కటెముకల చివరిదాకా చుట్టి ఉంది. వీపున వరసగా ఇనప కొక్కేలు. కోట్ల లోపల ఆకారం నిలబడటానికి వేసే కాన్వాసు అది. ఆ కొక్కేలన్నీ తీసి గుడ్డ లాగితే, కింద చర్మం మీద ఎర్రటి చారలు. కొన్ని కొత్తవి. కొన్ని ఎన్నేళ్ళవో నల్లబడి ఉన్నాయి.

“ఇదేంటి బాబాయ్? దెబ్బ తగిలిందా ఈయనకి?” అంది కండక్టరమ్మ.

“దెబ్బ కాదమ్మా. తనే కట్టుకున్నాడు. ఊపిరాడక పడిపోయాడు.”

ఆయన రోజూ కొట్టు తెరవగానే ట్రయల్ రూములో అది బిగించుకుని, మూసేముందు విప్పి ఇంటికెళ్ళేవాడు. తెలివి వచ్చాక మొదట వెతికింది కూడా దాన్నే. నీళ్ళు తాగించి ఆమె అడిగింది:

“ఈ చారలు కోటు ఒరుసుకుని పడ్డాయంటే నమ్మాను. మీ ఒళ్ళు ఎలా ఉంటుందో నాకు తెలీదా? ఇన్నేళ్ళలో నేను ఒక్క మాటన్నా అన్నానా?”

“నువ్వనలేదు.”

“మరెవరి కోసం ఈ కట్లు?”

ఆయన వీధివైపు చెయ్యి చూపించాడు. అందరి కోసం అన్నట్టు.

డాక్టరు దగ్గరికి ఆమే లాక్కెళ్ళింది. సర్జను ఆడమనిషని తెలిసి గుమ్మంలోనే ఆగిపోతే, “బస్సులో నేను అడిగితే మగవాళ్ళు టిక్కెట్టు తీసుకోవట్లేదా? నడవండి” అని వెనక నుంచి నెట్టింది.

డాక్టరమ్మ కత్తి మాట ఎత్తకుండా ప్రశ్నలు మొదలెట్టింది. మందు తాగుతారా, గంజాయి అలవాటుందా, కండలు పెరగడానికి ఏవన్నా పొడులూ సూదులూ వాడారా, జుట్టు రాలకుండా మాత్రలు మింగుతున్నారా, లివరు జబ్బుందా, థైరాయిడ్ ఉందా? రక్తపరీక్షలన్నది, ఛాతీకి స్కానన్నది. చివర, వృషణాలు కూడా చూడాలి అంది.

“అక్కడెందుకమ్మా?” కోటు మాస్టరు కుర్చీలో వెనక్కి జరిగాడు. “నా బాధ ఇక్కడ కదా!”

“చాలా అరుదుగా అక్కడుండే గడ్డ వల్ల కూడా ఇక్కడ పెరుగుతుంది. చూడకుండా కోసేస్తే అసలు జబ్బుని లోపలే ఉంచి పైపైన సర్దినట్టవుతుంది. మగ డాక్టరే చూస్తాడు, భయపడకండి.”

అన్నీ చూశారు. ఏ జబ్బూ లేదు. అప్పుడు ఆమె ఒక మాటంది. ఆ మాట ప్రతి ఆస్పత్రిలోనూ కత్తి పట్టుకునే ముందు చెప్పితీరాలి.

“ఇది తీయించుకోకపోయినా మీకు ప్రమాదమేం లేదు. ఎవరో నవ్వుతున్నారని కోయమంటే, నవ్వేవాళ్ళకి చెప్పుకోవలసింది నా దగ్గరికి తెచ్చారు అంటాను. మీకోసం మీకు కావాలా?”

“కావాలి.”

“ఆలోచించుకుని చెప్పండి.”

“చిన్నప్పట్నుంచీ అదే ఆలోచనమ్మా.”

డాక్టరమ్మ వివరంగా చెప్పుకొచ్చింది. పూర్తి మత్తు ఇస్తారు. వలయం కింది సగం అంచున చిన్న కోత. చుట్టూ ఉన్న కొవ్వుని సన్న గొట్టంతో లాగేస్తారు, గ్రంథిని కోసి తీస్తారు. తెల్లగా, గట్టిగా, రబ్బరు ముక్కలా ఉంటుంది, దాన్ని పరీక్షకి పంపుతారు. లోపల చేరే నీరు పోవడానికి ఒకటి రెండు రోజులు గొట్టాలుంటాయి. నెల, నెలన్నర పాటు బిగుతు బనీను తొడుక్కోవాలి, స్నానానికి తప్ప విప్పకూడదు. వాస్తుంది, కములుతుంది. చనుమొనల దగ్గర కొన్ని నెలలు స్పర్శ తెలియకపోవచ్చు. రెండు పక్కలా అచ్చుగుద్దినట్టు ఒకేలా రాకపోవచ్చు. ఒక పక్కే గట్టిగా ఉబ్బినా, రంగు నల్లబడినా, నొప్పి పెరిగినా వెంటనే రావాలి. వారం విశ్రాంతి, ఆ తర్వాత కూర్చుని చేసే తేలిక పని. నెలదాకా బరువులెత్తడం, చేతులతో గుంజడం, నెట్టడం వద్దు.

“చదునుగా వస్తుందా?” అని అడిగాడు కోటు మాస్టరు.

“చదునుగానే వస్తుంది. ఓపిక పట్టాలి.”

ఓపిక మాట దగ్గరికి వచ్చేసరికి ఆయన అప్పటికే కొత్త చొక్కా కత్తిరించుకుంటున్నాడు మనసులో.

అందుకే అద్దం ముందు అంత అదిరిపోయాడు. గొట్టాలు తీసేసి ఇంటికి పంపాక కూడా అద్దాన్ని నమ్మలేకపోయాడు. పొద్దున చూసుకుంటాడు, వాపు. మధ్యాహ్నం చూసుకుంటాడు, వాపే. ఇన్నాళ్ళూ కట్లు కట్టి దాచినదాన్ని డాక్టరు చేతుల్లో పెట్టి పెంచుకొచ్చానా అనిపించింది.

అప్పుడు ఆయన కన్ను బనీను మీద పడింది.

ఫ్యాక్టరీలో కుట్టిన బనీను అది. చంక దగ్గర వదులు. పక్క కుట్టు ఒకచోట వంకర. ఛాతీ మీద గుడ్డ ఎక్కడ నొక్కాలో అక్కడే ముడతలు పడుతోంది. ఒక దర్జీ ఒంటిమీద ఇలాంటి కుట్టు! ఇది నొక్కకపోతే వాపు దిగేదెలా? ఆయన బతుకంతా నేర్చుకున్న శాస్త్రం ఒకటే. ఉబ్బిన గుడ్డని తడిపి, నొక్కి, కాన్వాసు వేసి బిగిస్తే చెప్పినట్టు వింటుంది. ఒళ్ళు కూడా అంతే కాదా?

కండక్టరమ్మ డ్యూటీకి వెళ్ళాక, స్నానం వంకతో బనీను విప్పాడు. పక్క కుట్లు విప్పి రెండు వేళ్ళ గుడ్డ లోపలికి తీసుకున్నాడు. ఇంట్లో ఉన్న పాత మిషను ముందు కూర్చుని, మందమైన సాగే గుడ్డని రెండు చేతులా గుంజుతూ కుట్టాడు. కుడుతుంటే ఎడమ చంక కింద చురుక్కుమంది, కాస్త ఆగి మళ్ళీ కుట్టాడు. తర్వాత ఛాతీకి సరిగ్గా వచ్చేలా రెండు కాన్వాసు ముక్కలు కత్తిరించి లోపల వేశాడు. కుట్టు చదును కావాలిగా, పెద్ద ఇస్త్రీపెట్టె ఎత్తి దాని మీద ఒళ్ళు మోపి అదిమాడు. డాక్టరమ్మ వద్దన్న పనులన్నీ ఒక్క పూటలో చేశాడు. కానీ వాటిని ఆయన పనులనుకోలేదు. అది ఆల్టరేషను.

తొడుక్కుని జిప్పు లాగేసరికి ఛాతీ పలకలా అయింది. అద్దంలో ఒక మగవాడు నిలబడి ఉన్నాడు. పొంగిపోయాడు కోటు మాస్టరు. ఊపిరి కొంచెం పైపైనే ఆడుతోంది గానీ, ఊపిరి అలా ఆడటం ఆయనకి కొత్తేమీ కాదు.

మర్నాడు ఎడమ పక్క ఏమీ తెలియడం లేదు. ముట్టుకుంటే ఇంకెవరినో ముట్టుకున్నట్టుంది. స్పర్శ పోతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది కదా అని సరిపెట్టుకున్నాడు. చెప్పినవాటిలో తనకి పనికొచ్చింది మాత్రం అలా గుర్తుంది.

కాజాల బాబాయి చూడ్డానికి వచ్చాడు. వస్తూనే, “ఏం అబ్బాయ్, కోసిచ్చిన ముక్కలు ఇంటికి తెచ్చుకున్నావా, వాళ్ళకే వదిలేశావా?” అన్నాడు.

నవ్వబోయి కోటు మాస్టరు పక్క పట్టుకున్నాడు. బాబాయి మొహం మారింది.

“పెదాలు తెల్లబడ్డాయేంటి? ఏదీ, ఇటు తిరుగు. ఎడమ పక్క ఎత్తుగా ఉందేంట్రా?” బనీను మీద అరచెయ్యి పెట్టి, వెంటనే తీసేశాడు. “లోపల ఏం పెట్టావ్? ఇది కాన్వాసు కదూ?”

“వాపు త్వరగా దిగుతుందని...”

“అమ్మాయ్!” బాబాయి వంటగదివైపు కేకేశాడు. “ఇలా రామ్మా! మీ ఆయన తనకి తనే ఆల్టరేషను చేసుకున్నాడు!”

కండక్టరమ్మ వచ్చి జిప్పు సగం దించింది. ఎడమ పక్క బిగదీసిన బంతిలా ఉంది. కాన్వాసు అంచు ఎక్కడ పడిందో అక్కడ గీత గీసినట్టు పల్లం. ఆ గీతకి ఇవతల, వలయమంతా కాటుక రంగు. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బస్సులో ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ళని చొక్కా పట్టి లోపలికి లాగే మనిషి, ఆయన్నీ అలాగే చెయ్యి పట్టి లేపి ఆటో ఎక్కించింది.

సగంలో ఇరుక్కున్న ఆ జిప్పుని ఆస్పత్రిలో నర్సమ్మ కిందికి లాగలేకపోయింది. కుట్టు అంత గట్టిది. అడ్డంగా కత్తిరించి తీసింది.

“ఎవరు కుట్టారిది?” అంది డాక్టరమ్మ.

“నేనే.”

“లోపల గట్టి గుడ్డ ఎవరు పెట్టమన్నారు?”

“ఎవరూ... ఫిట్టింగు బాగాలేదమ్మా.”

డాక్టరమ్మ కత్తిరించిన బనీను చేతిలోకి తీసుకుని, తిరగేసి చూసి, కింద పెట్టేసింది. ఎలా కుట్టాడో అంతా అడిగి తెలుసుకుని, గొంతు తగ్గించి చెప్పింది. గుంజడం వల్లో, ఆ ఇస్త్రీపెట్టె వల్లో లోపల సన్న రక్తనాళం తెగింది. కారిన రక్తం పోయే దారి లేక గడ్డకట్టింది. లోపల నుంచి రక్తం నెడుతోంది, బయటి నుంచి కాన్వాసు నొక్కుతోంది, మధ్యలో చర్మానికి రక్తం అందడం లేదు. ఇప్పుడే మళ్ళీ తెరిచి గడ్డ తీసేయాలి.

“తీస్తే ఈ నలుపు పోతుందా?” కండక్టరమ్మ అడిగింది.

“చెప్పలేను. ఆ చర్మం బతికితే రంగు తిరుగుతుంది. చచ్చిపోతే ఊడిపోతుంది, చనుమొనతో సహా. కొన్ని రోజులు ఆగితే గానీ తెలీదు.”

కోటు మాస్టరు ఆమె మొహంలోకి చూశాడు. ఇన్నేళ్ళుగా ఛాతీ మీద ఏమీ లేకుండా పోతే చాలనుకున్నాడు. నిజంగానే ఏమీ లేకుండా పోతుందంటే అరచేత్తో ఆ పక్క కప్పుకున్నాడు.

“పోనివ్వకండమ్మా,” అన్నాడు. “అది నాదే.”

రెండోసారి తెరిచారు, గడ్డ తీశారు, కొత్త గొట్టం పెట్టారు. ఈసారి ఎడమ పక్క ఏదీ బిగించలేదు, మెత్తటి దూది మీద వదులుగా కట్టు. ఇంటికి పంపలేదు. పడుకున్నచోటే ఎదురుచూపు. పక్క మంచాల వాళ్ళు ఏమైందని అడిగితే మొదట గుండె అని చెప్పాడు. కండక్టరమ్మ ఊరుకోలేదు. “గుండె కాదు. రొమ్ములు తీయించుకున్నాడు, కుట్టు చెడగొట్టుకున్నాడు,” అని వార్డుకంతా వినబడేలా చెప్పేసింది. కోటు మాస్టరు దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు. ఎవరూ నవ్వలేదు. ఎదురు మంచం మీద కాలు విరిగిన పెయింటరు, “మా తమ్ముడికి కూడా ఉన్నాయన్నా. బాగా నొప్పా?” అని అడిగాడు. అన్నిటికన్నా ఆ ప్రశ్నకి ఎక్కువ ఉలిక్కిపడ్డాడు ఆయన. ఇంత మామూలుగా కూడా అడగొచ్చా ఈ మాట?

కొట్టు మూసేసి కాజాల బాబాయి రోజూ వచ్చి కూర్చునేవాడు. ఒకరోజు గాలాడటం లేదని చొక్కా గుండీలు తీసి విసురుకుంటుంటే, కోటు మాస్టరు కళ్ళు అక్కడే నిలిచిపోయాయి.

“బాబాయ్... నీకూ...”

“ఏంటి, ఇవా? ఇప్పుడు చూస్తున్నావా?” బాబాయి తన ఛాతీ తనే చూసుకున్నాడు. రెండు పక్కలా బాగా ఎత్తుగా, కిందికి జారి ఉన్నాయి. “ప్రోస్టేటుకి మాత్రలిచ్చారు చూడు, అప్పట్నుంచి. దాని గుణమేనట, డాక్టరు ముందే చెప్పాడు. నీ కళ్ళ ముందే బనీనుతో కూర్చుని ఎన్ని ఎండాకాలాలు కాజాలు తీయలేదూ?”

నిజమే. టేపు పట్టుకుని వీధిలో మగవాళ్ళందరి ఛాతీలూ చూసిన మనిషి, తన వెనకే కూర్చున్న మనిషిని చూడలేదు. దాచనిది కనబడదు కాబోలు. ఆయన వెతికిందంతా దాచుకున్నవాళ్ళనే.

“నీకు సిగ్గనిపించలేదా?”

“ఎందుకనిపించదు? మొదట్లో టవలు కప్పుకునేవాణ్ణి. కాజా తీసేటప్పుడు టవలు సూదికి అడ్డమొచ్చేది. పనికి అడ్డమని తీసేశా.” గుండీలు పెట్టుకోకుండానే లేచాడు. “మా ఆవిడ మాత్రం, ఇద్దరం ఒకలాగే అయ్యాం అని ఏడిపిస్తుంది. ఏడిపించనీ.”

మొదటి ఆపరేషనులో తీసిన గ్రంథి పరీక్ష ఫలితం ఆ సాయంత్రమే వచ్చింది. అందులో ఏమీ లేదు, మామూలు గ్రంథి అని డాక్టరమ్మ నిలబడే చెప్పింది.

“ఏమీ లేదా?”

“ఏమీ లేదు. సంతోషించండి.”

సంతోషం రాలేదు. ఏమీ లేనిదాని కోసం ఆటలు మానేశాడు, చదువు ఆపేశాడు, ఎండల్లో కోటు మోశాడు, చర్మం నల్లబడేలా కట్లు కట్టాడు. ఆఖరికి దాన్ని తీయించుకున్నాక కూడా ఓర్చుకోలేక, బతికి ఉన్న చర్మాన్ని చంపుకునేదాకా వచ్చాడు. ఆటల మాస్టారు ఆరోజు నవ్వకుండా ఉంటే ఇందులో ఎంత తప్పేదో ఎవరు చెప్పగలరు? ఇప్పటికీ బళ్ళల్లో ఆ నవ్వు నవ్వుతూనే ఉన్నారు, ఆ పేజీ తిప్పేస్తూనే ఉన్నారు.

కట్టు విప్పే రోజు కండక్టరమ్మ డ్యూటీకి వెళ్ళలేదు. ఆయన కళ్ళు మూసుకుని, “ముందు నువ్వు చూడు,” అన్నాడు. దూది పొరలు ఒక్కొక్కటే తీస్తున్న చప్పుడు వినబడింది.

“చెప్పవే! ఉందా, పోయిందా?”

“ఉంది. కింద అంచు మాత్రం...”

కళ్ళు తెరిచాడు. వలయంలో కింది వారగా గోరంత మేర నల్లటి పెచ్చు కట్టింది. ఆ మేర చర్మం పోయినట్టే, పెచ్చు ఊడాక తెల్లటి మచ్చ మిగులుతుందని డాక్టరమ్మ చెప్పింది. కుడి పక్క చదునుగా ఉంది, ఎడమ పక్క కొంచెం గుంట పడింది, రెండూ ఇక ఒకేలా ఉండవు. మిగతా వలయం కమిలి ఉంది గానీ నలుపు కాదు, ముదురు గోధుమరంగు.

“ఇది బతికిందా అమ్మా? లేక ఇది కూడా రేపటికి...”

డాక్టరమ్మ తొడుగు వేసుకున్న వేలు చనుమొన పక్కన ఆనించి నొక్కింది. ఆయనకి ఆ వేలు తెలియలేదు. కళ్ళతో చూస్తున్నాడంతే. వేలు తీయగానే అక్కడ పాలిపోయి ఉంది. నెమ్మదిగా అంచుల నుంచి లోపలికి ఎరుపు నడిచివచ్చి, ఆ పాలిపోయిన చోటంతా నింపేసింది.

“చూశారా? రక్తం తిరుగుతోంది. బతికింది.”

కండక్టరమ్మ మంచం పట్టీ మీద కూలబడి చీరకొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. కోటు మాస్టరు తన ఛాతీ మీద నుంచి కళ్ళు తిప్పలేదు. ఇన్నేళ్ళలో దాన్ని అంతసేపు చూసింది ఎప్పుడూ లేదు. డాక్టరమ్మ తొడుగు విప్పబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఇంకోసారి నొక్కండమ్మా,” అన్నాడు. “మళ్ళీ వస్తుందేమో చూస్తాను.”